గోడ మీద అక్క మాటలు

ఆ మ్యూజియం తోటలో ఆమె ఇరవై రెండేళ్లుగా మాలి. మందుమొక్కల మడులన్నీ ఆమె చేతుల మీదే పెరిగాయి. చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. తండ్రి పోయాక పిల్లల్లో పెద్దది తనే గనక, చెల్లెలు చదవాలంటే తను మానక తప్పలేదు. ఆ చెల్లెలు డిగ్రీ చేసి, అదే మ్యూజియంలో క్లాసులూ ప్రసంగాలూ చూసే విభాగంలో చేరింది. ఖాళీ ఉందని ముందే కనుక్కుని దరఖాస్తు తెచ్చిచ్చింది అక్కే.

అక్కకి ఒక అలవాటు. ఆకుల్ని పాత పేపర్ల మధ్య పెట్టి, పైన ఇటుక ఉంచి, ఆరాక నోట్‌బుక్కులో అంటించేది. పక్కన తనకు తెలిసింది రాసేది. ఏ నెలలో మొగ్గ తొడిగింది, ఏ పురుగు పట్టింది, నలిపితే ఏ వాసన వచ్చింది. అక్షరాలు కోడి కెలికినట్టుండేవి. అలా ఆరు పుస్తకాలు నిండాయి.

"పిల్లల క్లాసుకి పనికొస్తాయి, ఒక్క వారం ఇవ్వవే" అంది చెల్లెలు. ఇచ్చింది. వారం కాస్తా నాలుగు నెలలైంది. అడిగితే, "నీ పుస్తకాలెక్కడికీ పారిపోవులే" అని నవ్వేది.

వానలు తగ్గాక కొత్త ప్రదర్శన తెరిచారు. హాల్లో కుండీలు సర్దడానికి అక్కని పిలిచారు. కుండీ దించి తలెత్తేసరికి ఎదురుగా గోడ మీద జానెడేసి అక్షరాలు: "ఈ మొక్కకి ఎండంటే భయం. మనుషులంటే భయం లేదు." ఎక్కడో విన్నట్టుందే అనుకుంది. మరుక్షణం తెలిసింది. ఆ మాట తనదే. అద్దాల పెట్టెల్లో ఉన్నవి తన ఆకులే. అన్నిటి కిందా సేకరణ, రచన అని చెల్లెలి పేరు.

చెల్లెలు గబగబా పక్కకి లాక్కెళ్లింది. "గొడవ చెయ్యకు. నీ పేరు పెడితే మాలి రాసిందంటారు. ఎవరొచ్చి చూస్తారే? నాకు పేరొస్తే నీకొచ్చినట్టు కాదా?"

"ఒక్క మాట అడిగుంటే నేనే ఇచ్చేదాన్ని కదే" అంది అక్క.

జనం వచ్చేశారు. చెల్లెలు బాగానే మాట్లాడింది. ఆ సంగతి అక్క ఇప్పటికీ ఒప్పుకుంటుంది. చివర్లో రిటైరైన మాస్టారొకాయన రెండాకులు చూపించి, "రెండూ ఒకేలా ఉన్నాయి. ఒకటి విషమంటున్నారు. ఎలా పోల్చుకోవాలమ్మా?" అని అడిగారు.

"చిన్నగా ఉన్నది విషపుదండీ" అంది చెల్లెలు.

అది తప్పు. ముందు వరసలో బడిపిల్లలు రాసేసుకుంటున్నారు. అక్క ఇక ఆగలేకపోయింది. "సైజు చూసి నమ్మకండి. ఆకు వెనక చూడండి. తెల్లటి నూగుంటే పరవాలేదు. నున్నగా మెరుస్తుంటే దాని జోలికి పోవద్దు."

అందరూ వెనక్కి తిరిగారు. "మీరెవరమ్మా?" అన్నారు మాస్టారు.

అక్క నోరు తెరిచేలోపే చెల్లెలు మైకులో చెప్పింది: "మా తోటమాలండీ. మంచి అనుభవం ఉంది."

పుస్తకాలు పోయాయని ఏడవని మనిషి, ఆ మాటకి పనిముట్ల గదిలో కూర్చుని చాలాసేపు ఏడ్చింది.

"పోనీలేవే, పరాయివాళ్లా తీసుకుంది? నీ చెల్లెలేగా" అంది తల్లి.

"పరాయివాళ్లయితే పోట్లాడేదాన్నమ్మా."

పుస్తకాలు తిరిగిమ్మని ఆఫీసులో అడిగింది. రిజిస్టర్లో ఎక్కేశాయి, ఇక ఇవ్వడం కుదరదన్నాడు గుమాస్తా. కానుకగా ఇచ్చినవారు అన్న చోట కూడా చెల్లెలి పేరే ఉంది. అక్క తన పనిని వెనక గేటు దగ్గరి నారుమడులకి మార్పించుకుంది.

పది రోజులకి చెల్లెలు కాగితం పట్టుకుని అక్కడికే వచ్చింది. "అక్కా, రేపు మొక్కలకి అంట్లు కట్టడం మీద క్లాసుంది..."

"చెప్పండి మేడమ్."

"ఏంటే ఆ పిలుపు? ఎవరైనా వింటారు."

"విననివ్వండి. రాసుకోండి మేడమ్." కత్తి ఎలా పట్టాలో, కోత ఎంత లోతుండాలో, తాడు ఎన్నాళ్లకి విప్పాలో ఒక్కటీ దాచకుండా చెప్పింది.

నాలుగేళ్లయినా అంతే. తల్లి ముందు కూడా చెల్లెల్ని మీరు అనే అంటుంది. చెల్లెలు మొదట బతిమాలింది, తర్వాత కోప్పడింది. ఇప్పుడు మాత్రం అక్కకి ఫోన్ చేసే ముందు చాలాసేపు ఊరికే కూర్చుంటోందని తల్లి చెబుతుంది.