తిప్పన్న పెట్టిన రాయి

ఒక రాయిని పన్నెండు అడుగులు జరిపాను. నేను చేసిన తప్పు చెప్పడానికి ఈ ఒక్క వాక్యం చాలు. కానీ నలభై ఏళ్లుగా ఇది నోటి దాకా వచ్చి వెనక్కి పోతూనే ఉంది. కట్టుకున్న మనిషితో చెప్పలేదు. పక్కపక్కనే కూర్చుని పనిచేసిన స్నేహితులతో చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, బహుశా అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. మీ ముఖం చూడనక్కర్లేదు కదా.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్త. కర్నూలు మనకు రాజధాని. నేను ప్రొద్దుటూరులో ఓవర్సీరుని. ఉద్యోగంలో చేరి రెండేళ్లయినా కాలేదు, గర్వం మాత్రం ఇరవై ఏళ్ల సర్వీసుకు సరిపడా ఉండేది. ఊళ్లో ఒక పార్కు ఉండేది, పేరుకే పార్కు. దాని మధ్యలోంచి పోయే వంక లోతుగా కోసుకుపోయి, తుమ్మముళ్లతో, ఊరి చెత్తతో, నూలుకు రంగులద్దేవాళ్లు పారబోసిన నీళ్లతో అసహ్యంగా ఉండేది. వాన పడితే పై చేల మట్టినంతా మోసుకొచ్చి పొర్లేది. మూడో రోజుకు మళ్లీ ఎండిపోయేది.

ఆ వంకను బాగుచేయాలని ఊరి పెద్దలు పూనుకున్నారు. పైన చేల వెంబడి అడ్డంగా రాతికట్టలు వేసి వాననీటిని నిలపాలి. ముళ్లు కొట్టించాలి. పార్కులో ఎప్పుడో పూడిపోయిన పాత ఊటను వెతికి తెరవాలి, అప్పుడు ఏడాది పొడుగునా సన్నటి ధారైనా పారుతుంది. పని చూసే బాధ్యత నాది. ఊట ఎక్కడుందో చూపించే బాధ్యత తిప్పన్నది.

తిప్పన్న బావులు తవ్వే మనిషి. అప్పటికే అరవై దాటినవాడు. రాజుపాలెం చుట్టుపక్కల ఎవరు బావి తవ్వించాలన్నా ముందు ఆయన వచ్చి చోటు చూపించాల్సిందే. మా వంక వెంబడి మూడు రోజులు చెప్పుల్లేకుండా నడిచాడు. పై చేల దగ్గర మొదలుపెట్టి పార్కు దాకా. ఎక్కడ గడ్డి పచ్చగా ఉంది, ఎక్కడ ఇసుక చల్లగా తగులుతోంది, అదే ఆయన చూపు. మూడో రోజు ఒకచోట ఆగి, పసుపు పూసిన రాయి పెట్టాడు. వాళ్లకొక కట్టుబాటు ఉంది. రాయి పెట్టినవాడు నీళ్లు పడేదాకా ఆ చోటికి తిరిగి రాకూడదు. పడ్డాక కబురు చేస్తే వచ్చి కొబ్బరికాయ కొడతాడు. రాయికి దండం పెట్టి, నా వైపు ఒకసారి చూసి వెళ్లిపోయాడు.

చిక్కంతా నా ప్లానుతో వచ్చింది. పార్కు గేటుకు సరిగ్గా ఎదురుగా గుండ్రటి తొట్టి, దాని చుట్టూ మెట్లు, అందులోంచి వంకలోకి నీళ్లు. రంగుపెన్సిళ్లతో గీశాను. కడపలో పెద్ద ఇంజనీరు చూసి నా భుజం తట్టాడు. తిప్పన్న రాయి ఆ గుండ్రానికి పన్నెండు అడుగులు అవతల పడింది. ప్లాను మార్చాలంటే మళ్లీ కడప వెళ్లాలి, నేను గీసింది తప్పని నేనే చెప్పాలి. నాకది చేతకాలేదు. భూమిలో నీళ్లు పన్నెండు అడుగుల తేడాకు దొరకకుండా పోతాయా అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నానా? లేక అలా అనుకోవడం నాకు సులువైందా? ఇన్నేళ్లూ అడుగుతూనే ఉన్నాను, ఒక్కోసారి ఒక్కో జవాబు వస్తుంది.

పైన ముళ్లు కొడుతున్న కూలీలు ఆ రాయిని ఇంకా చూడలేదు. మధ్యాహ్నం వాళ్లు సంగటి తినడానికి వేపచెట్ల కిందికి వెళ్లారు. నేను రాయిని రెండు చేతులా ఎత్తి, నా గుండ్రం మధ్యలో పెట్టాను. పసుపు చేతులకంటింది. కొళాయి దగ్గర కడుక్కున్నాను. అంతే.

మూడు నిలువుల లోతు తవ్వారు. బండ వచ్చింది. పలుగు వేస్తే పలుగే ఎగిరి మీద పడేంత గట్టి బండ. చుక్క నీరు లేదు. పెద్దలు కోప్పడి తిప్పన్నను పిలిపించారు. నీళ్లు పడకుండానే రాయి పెట్టిన చోటికి తిరిగి రావడం ఆయనకు అదే మొదటిసారి. గుంత చుట్టూ రెండుసార్లు తిరిగాడు. ముళ్లు కొట్టేసి, మట్టి కుప్పలు పోశాక ఆయన గుర్తుపట్టడానికి పాత ఆనవాలేదీ మిగల్లేదు. తర్వాత నా దగ్గరకు వచ్చాడు.

"ఓవర్సీరప్పా, రాయి ఈడనే ఉండిందా?"

"ఈడనే ఉండింది."

"ఎవురన్నా కదిలించినారేమో, బాగా గ్యాపకం చేసుకోప్పా."

"నేనే గదా కాపలా ఉండింది. ఎవరు కదిలిస్తారు?"

నా ముఖం వైపు చూశాడు. ఆ చూపులో అనుమానం లేదు. అనుమానం ఉండి ఉంటే ఈపాటికి నేను మరిచిపోయేవాడినేమో.

"అట్లయితే నా గురే పోయిందప్పా. శానా ముసిలోన్నయితిని," అన్నాడు. కూలీల వైపు తిరిగి, "మీతో ఉత్తపుణ్యానికి చాకిరీ చేయిస్తి, ఏమనుకోవద్దండి" అని చేతులు జోడించాడు. వాళ్లలో సగం మంది ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్లే.

ఊరు ఊరుకుంటుందా? ఎవరైనా మాటిచ్చి నిలబెట్టుకోకపోతే దాన్ని 'తిప్పన్న రాయి' అనడం మొదలుపెట్టారు. టీ అంగళ్ల దగ్గర ఆ మాట చెప్పుకుని నవ్వితే నేనూ నవ్వాను. బావులకని మాట్లాడుకున్న రైతులు ఒక్కరొక్కరే వెనక్కి తగ్గారు. ఆరునెలలు తిరక్కుండా ఆయన జమ్మలమడుగులో కూతురింటికి వెళ్లిపోయాడని, ఆ వయసులో నాపరాళ్ల గనిలో రాళ్లు మోస్తున్నాడని విన్నాను. విని ఏం చేశాను? ఏమీ చేయలేదు.

కాదు, చేశాను. మరుసటి వేసవిలో ఆ ఇంజనీరు బదిలీ అయ్యాడు. ఏవో సాకులు రాసి ప్లాను మార్పించుకుని, తిప్పన్న మొదట పెట్టిన చోటే తవ్వించాను. ఒక్క నిలువు దిగకముందే ఇసుక తడిసింది. సాయంత్రానికి మోకాలి లోతు నీళ్లు. అవే కూలీలు నన్ను భుజాల మీదికి ఎత్తుకున్నారు. పెద్దలు దండ వేశారు. చిన్న వయసులోనే ఎంత బాగా కనిపెట్టాడండీ అన్నారు. నేను దండ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాను.

ఆ తర్వాత వచ్చిన సాయంత్రాలు ఎంత బాగుండేవో! అలా అనడానికి నాకు హక్కు లేదని తెలుసు, అయినా బాగుండేవి. పైన రాతికట్టలు నిలిచి, వంకలో బురద పోయి, ఇసుక మీద అరచేతి మందాన తేటనీళ్లు పారేవి. రంగులద్దేవాళ్లు ఊరి దిగువకు మారారు. పార్కులో కట్టిన మైకులో రేడియో మోగేది. మగ్గాలు దిగి వచ్చినవాళ్లు పొట్లాల్లో బొరుగులు తింటూ నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చునేవాళ్లు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిందన్న వార్త కూడా మేము అక్కడే విన్నాం. నా జీవితంలో అంత సంతోషంగా మళ్లీ ఎప్పుడూ లేను. ఆ సంతోషం ఇంకొకరిదని తెలిసి కూడా అనుభవించాను.

కొన్నేళ్లకు పులివెందులకు బదిలీ అయ్యాను. ఒకరోజు ఆఫీసు గుమ్మంలో తిప్పన్న నిలబడి ఉన్నాడు. బాగా చిక్కిపోయాడు. అల్లుడు అక్కడికి దగ్గర్లోనే మెట్టచేను కొన్నాడట, బావి తవ్వాలట.

"నా గురి నమ్మేదానికి లేదప్పా. వంకలో నీళ్లు నువ్వే తీసినావంట గదా. వచ్చి రాయి పెట్టిపో."

వెళ్లాను. నీళ్ల గురించి నాకు ఏం తెలుసు? చేనంతా ఇద్దరం కలిసి నడిచాం. ఒక గట్టు దగ్గర తిప్పన్న ఆగాడు. వేళ్లతో మట్టిని నొక్కాడు. ఏదో అనబోయి, నన్ను చూసి, సిగ్గుపడినట్టు పక్కకు తప్పుకున్నాడు. అప్పుడు చెప్పి ఉండాల్సింది. చుట్టూ ఎవరూ లేరు. పొద్దు నిలువునా ఉంది, గాలి లేదు. నోరు తెరిచాను కూడా. తెరిచి, "ఈడ పెడదాం" అన్నాను. ఆయన వేళ్లతో నొక్కిన ఆ చోటనే రాయి పెట్టాను.

నీళ్లు పడ్డాయి. తిప్పన్న బస్సెక్కి వచ్చి, ఆఫీసులో అందరి ముందూ నా రెండు చేతులూ పట్టుకుని, "నువ్వు సల్లగుండప్పా, నువ్వు సల్లగుండు" అంటూ ఏడ్చాడు. మరుసటి ఏడాది పోయాడు. చనిపోయేదాకా ఇంకెక్కడా రాయి పెట్టలేదని ఆయన కూతురు చెప్పింది.

ఇది రాయడం వల్ల నా తప్పు తగ్గుతుందని నేననుకోవడం లేదు. క్షమించగలిగిన మనిషి లేడు, ఉన్నా అడిగే ధైర్యం నాకు ఉండేది కాదు. రాస్తున్నంతసేపూ మాత్రం ఊపిరి కొంచెం సులువుగా ఆడింది.

పార్కులో ఊట, పులివెందుల బావి, రెండూ తిప్పన్న చూపించినవే. ఆయన గురి ఏనాడూ తప్పలేదు. ఆయనకు చెప్పాల్సిన మాట మీకు చెప్పాను.