ఒళ్లో బిందె

డెబ్బైల్లో ఒకసారి పనిమీద వెళ్లి ఉయ్యూరులో బందరు బస్సెక్కాను. మాది అనంతపురం వైపు. దారి పొడవునా కాలువలు చూసి, ఈ జిల్లా వాళ్లకు నీళ్ల కష్టమంటే తెలియదనుకున్నాను.

పక్క సీట్లో చేపలమ్ముకుని ఇంటికి వెళ్తున్న ఒకామె కూర్చుంది. ఖాళీ గంప కాళ్ల దగ్గరుంది. నిండు నీళ్లబిందె మాత్రం ఒళ్లో పెట్టుకుంది. బస్సు కుదిపినప్పుడల్లా బిందె మూతికి అరచెయ్యి అడ్డం పెడుతోంది.

"మీ ఊళ్లో నీళ్లు లేవామ్మా?" అని అడిగాను.

"సముద్రం పక్కనండి. బోరింగు ఏశారు గానీ ఉప్పునీళ్లే పడ్డాయి. మేం అయ్యే తాగుతాం. ఇయ్యి సుట్టాలకండి. రేపు మా అబ్బాయికి పిల్లనిచ్చేవోళ్లు ఇల్లు సూసుకోడానికొస్తన్నారు. కాలవ మీద ఊరోళ్లు. మా ఉప్పునీళ్లు నోట్లో పోసుకుంటే పిల్లనియ్యరు."

"పెళ్లయ్యాక ఆ అమ్మాయికి తెలిసిపోదా?"

"తెలుస్తదండి. నాకూ పెళ్లయ్యాకే తెలిసింది."

బిందెను ఒళ్లో సర్దుకుని మళ్లీ అంది.

"మా నాన్న ఇల్లు సూడ్డానికొచ్చిన రోజున మా అత్త మంచినీళ్లు తెచ్చింది ఈ బిందెతోనేనండి."