మా బావగారి లైబ్రరీ మర్యాదలు

పోయిన వారం మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో ఒక రంగుల కార్డు వచ్చిపడింది. పైన పుస్తకాల బొమ్మ, కింద సూటు వేసుకుని చేతులు కట్టుకున్న మా బావగారి ఫొటో. మధ్యలో "పబ్లిక్ లైబ్రరీలో ఎలా మసలుకోవాలి? కొత్తగా అమెరికా వచ్చిన తెలుగువారికి అవగాహన సదస్సు" అని రాసి ఉంది. వక్త స్వయానా ఆయనే. బావగారంటే మావారి అన్నగారు, డెట్రాయిట్ పక్కనున్న మా ఊళ్ళో మాకంటే చాలా ముందు స్థిరపడినవారు. ఆ కార్డు చూసి చేతిలో ఉన్న టీ కప్పు కింద పెట్టి కాసేపు బాగా నవ్వుకున్నాను. నవ్వు అయిపోయాక పాత మంట ఒకటి మెల్లగా లేచింది. లైబ్రరీ మర్యాదల గురించి ఈయన చెప్పడమంటే, పథ్యం గురించి మిఠాయికొట్టు యజమాని చెప్పడమే. అయినా వెళ్ళి విందామని అప్పుడే నిర్ణయించుకున్నాను.

బావగారికి మర్యాద తెలియదంటే కళ్ళు పోతాయి. ఆయన దగ్గర మర్యాద కావలసినంత ఉంది. కాకపోతే అంతా తెల్లవాళ్ళకే కేటాయించేశారు, మన దాకా మిగలదు. కార్ల కంపెనీలో ఇంజనీరుగా ఇన్నేళ్ళు చేసిన అనుభవంతో థాంక్యూలూ సారీలూ ఎక్కడ ఎన్ని వాడాలో ఆయనకు బాగా తెలుసు. లైబ్రరీకి వెళ్ళినప్పుడు చూడాలి ఆయన్ని. పార్కింగ్ లాట్ చివర ఎవరో తెల్ల ముసలావిడ కర్ర పట్టుకుని దిగుతుంటే, ఆవిడ ఆ మంచులో అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చేదాకా ఈయన తలుపు పట్టుకుని చిరునవ్వుతో నిలబడతారు. ఆవిడ లోపలికి వెళ్ళగానే చేతిలోని తలుపు వదిలేసి తనూ వెళ్ళిపోతారు. వెనకాల పాప స్ట్రోలర్ తోసుకుంటూ వస్తున్న నా ముఖం మీదికి ఆ తలుపు ఎన్నిసార్లు వచ్చిందో చెప్పలేను. ఒకసారి మావారితో అంటే, "మనవాళ్ళం కదా, మనకెందుకు ఫార్మాలిటీస్" అన్నారు. ఈ 'మనవాళ్ళం కదా' అన్న మాటంత సోమరి మాట మన భాషలో ఇంకొకటి లేదు.

బావగారొక్కరినే అనడం కూడా అన్యాయమేలెండి. నేను కొత్తగా వచ్చిన రోజుల్లో మా లైబ్రరీకి వచ్చే మనవాళ్ళను చూస్తే నాకు పుస్తకాలతో ముఖం కప్పుకోవాలనిపించేది. మన ఊళ్ళలో బస్సు కిటికీలోంచి సీటు మీద రుమాలు వేస్తామే, ఇక్కడ నాలుగు కుర్చీల మీద నాలుగు కోట్లు వేసి బఫేకి వెళ్ళిపోయేవారు. పిల్లల సెక్షన్లో పిల్లల్ని దింపి, "ఆంటీ ఇక్కడే ఉంటారు, అల్లరి చేయకండి" అని నన్ను చూపించి, నాతో ఒక్క మాట చెప్పకుండా ఇండియన్ గ్రోసరీకి పోయే తల్లులుండేవారు. స్టోరీ టైమ్‌లో అక్కడి ఆవిడ ఎలుగుబంటి కథ చదువుతుంటే వెనక కూర్చుని బంగారం ధర మాట్లాడుకునేవారు. ఫోన్‌ స్పీకర్లో పెట్టి ఇంటి ఇన్‌స్పెక్షన్ సంగతులు అరిచే పెద్దమనిషి ఒకాయన ఉండేవాడు, ఎవరైనా తలెత్తి చూస్తే తననే మెచ్చుకుంటున్నారనుకుని గొంతు ఇంకాస్త పెంచేవాడు. వీళ్ళందరూ చదువుకున్నవాళ్ళే, ఇళ్ళలో చెప్పులు బయట విడిచి రమ్మని బోర్డులు పెట్టుకున్నవాళ్ళే.

నాకు మాత్రం ఆ లైబ్రరీ అవసరం. భర్త వెంట వచ్చే భార్యలకిచ్చే హెచ్-ఫోర్ వీసా మీద వచ్చి ఉద్యోగం చేసే వీల్లేక ఇంట్లో కూర్చున్న ఏళ్ళలో నన్ను మనిషిగా నిలబెట్టింది అదే. ఉన్నది ఒక్క బెడ్రూమ్ అపార్ట్‌మెంట్. మావారు కారు తీసుకుని ఆఫీసుకెళ్ళిపోతే, పాపను స్ట్రోలర్లో వేసుకుని నడుచుకుంటూ వెళ్ళేదాన్ని. హైదరాబాదులో నేను చేసిన సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని మర్చిపోకుండా ఉండటానికి అక్కడి కంప్యూటర్ పుస్తకాలన్నీ తిరగేశాను. ఆ వెచ్చటి కార్పెట్ వాసన, వేడినిచ్చే రేడియేటర్ పక్కనున్న ఆకుపచ్చ కుర్చీ, కిటికీ అవతల కురిసే మంచు ఇప్పటికీ నాకు కళ్ళు మూసుకుంటే కనిపిస్తాయి. తర్వాత రూల్ మారి నాకు వర్క్ పర్మిట్ వచ్చింది. అప్లికేషన్లు పెట్టాను. మధ్యలో అంత గ్యాప్ ఉందని చూసి చాలామంది జవాబే ఇవ్వలేదు. చివరికి ఒక కంపెనీ రెండు రౌండ్లు ఫోన్‌లో మాట్లాడి, ఆఖరి రౌండు మేనేజర్‌తో వీడియోలో అంది. శనివారం తప్ప ఆ మేనేజర్‌కు వీలు కాదట. పదకొండు గంటలకు టైమ్ ఇచ్చారు.

ఇంట్లో పాపతో అది జరిగే పని కాదు. పైగా పాపను చూసుకోవడానికి మా తోడికోడలు అక్కయ్య తన ఇద్దరు మగపిల్లలతో మా ఇంటికి వస్తానంది. వాళ్ళున్న చోట వీడియో ఇంటర్వ్యూ అన్న మాటే లేదు. అందుకని లైబ్రరీలో అద్దాల తలుపున్న స్టడీ రూమ్ నా పేరు మీద బుక్ చేసుకున్నాను. తలుపుకి అంటించిన కాగితం మీద నా పేరు రాసి ఉంటుందని చెప్పారు. ఆ ముందు రాత్రి ఇస్త్రీ చేసిన చొక్కా హ్యాంగర్‌కి తగిలించి దాన్నే చూస్తూ కూర్చున్నాను. ఉదయం మావారు, "అన్నయ్య పదింటికి లైబ్రరీకి రమ్మన్నాడు, ఏదో మీటింగట. నిన్నూ నాతోనే తీసుకెళ్తా" అన్నారు. పోనీలే, తోడుంటారని సంతోషించాను.

లైబ్రరీలో ఒక మూల కూర్చుని నోట్స్ చూసుకుని, టైమ్ దగ్గర పడ్డాక స్టడీ రూమ్ దగ్గరికి వెళ్ళాను. అద్దంలోంచి చూస్తే లోపల బావగారు, ఆయన చుట్టూ మరో ఆరేడుగురు. ఉగాది కార్యక్రమానికి వేదిక మీద ఎవరెవరు కూర్చోవాలన్నది తేలక కొట్టుకుంటున్నారు. బల్ల మధ్యలో పెద్ద స్టీలు డబ్బా, దాన్నిండా పులిహోర. మావారు కూడా లోపలే ఉన్నారు, పేపర్ ప్లేటు ఒళ్ళో పెట్టుకుని. తలుపు తీసి, "బావగారూ, పదకొండింటికి నాకు ఇంటర్వ్యూ ఉందండీ. ఈ రూమ్ నేను బుక్ చేసుకున్నాను" అన్నాను.

"రా అమ్మా, రా. ముందు పులిహోర తిను. రూమ్ ఖాళీగా ఉంటే కూర్చున్నాం. పది నిమిషాల్లో కన్‌క్లూడ్ చేసేస్తాం."

"అంత టైమ్ లేదండీ. ఇప్పుడే లాగిన్ అవ్వాలి."

"అబ్బా, కొంచెం అడ్జస్ట్ అవ్వమ్మా. బయట అన్ని టేబుల్స్ ఉన్నాయి కదా. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే సరి" అని ఆయన మళ్ళీ వేదిక గొడవలోకి వెళ్ళిపోయారు. నేను మావారి వైపు చూశాను. ఆయన పులిహోరలో జీడిపప్పు వెతుక్కుంటున్నారు. పెళ్ళయ్యాక ఆయన మీద నాకు కోపం చాలాసార్లు వచ్చింది కానీ చులకన భావం కలగడం మాత్రం అదే మొదటిసారి.

ఈ గోలకి డెస్క్ దగ్గరున్న లైబ్రేరియన్ లేచి వచ్చింది. కళ్ళజోడు మెడలో వేలాడేసుకున్న పెద్దావిడ. ఆవిడ కనబడగానే బావగారు ఎలా మారిపోయారో చూడవలసిందే. ఠక్కున లేచి నిలబడి, డబ్బా మీద ఒక ఫైలు కప్పి, గొంతు గుసగుసల్లోకి దించి, "సో సారీ మ్యామ్, ఆమె మా ఫ్యామిలీయే, మేమంతా కలిసే వచ్చాం" అని ఇంగ్లీషులో విన్నవించుకున్నారు. ఆవిడ తలుపు మీది కాగితం చూసింది, నన్ను చూసింది. వీళ్ళు నీతో వచ్చినవాళ్ళేనా, ఉండమంటావా అని అడిగింది.

మా వైపు భర్త అన్నగారి ఎదుట గొంతెత్తి మాట్లాడే అలవాటు లేదు. ఆయన వస్తే లేచి నిలబడతాం, వడ్డించాకే కూర్చుంటాం. గోడ మీది గడియారంలో పెద్ద ముల్లు పన్నెండు మీదికి రాబోతోంది. ఇన్నేళ్ళు ఇంట్లో కూర్చున్నది వీళ్ళ ఉగాది వేదిక కోసమా అనిపించింది. "నో" అన్నాను. వీళ్ళు నాతో రాలేదు, ఈ గది నాది, దయచేసి పంపించండి అని ఇంగ్లీషులో స్పష్టంగా చెప్పాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

బావగారి ముఖంలో చిరునవ్వు ఇసుమంతైనా చెదరలేదు. లైబ్రేరియన్‌కి మరో రెండు సారీలు సమర్పించి, డబ్బా చంకన పెట్టుకుని, నా పక్కనుంచి వెళుతూ అదే చిరునవ్వుతో, అంతే మెత్తగా తెలుగులో, "తెల్లావిడ ముందు మా పరువు తీశావు కదమ్మా, గుర్తుంచుకుంటాలే" అన్నారు. ఆయన నాకు గుడ్ లక్ చెప్పారనుకుంది కాబోలు ఆ పిచ్చి తల్లి, వాట్ ఎ నైస్ జెంటిల్‌మన్ అని మురిసిపోయింది. వాళ్ళు వెళ్ళాక చూస్తే బల్ల నిండా కరివేపాకు రెబ్బలు, వేరుశెనగపప్పులు. రుమాలుతో తుడిచి, లాప్‌టాప్ తెరిచి, ఇంగువ వాసన మధ్య కూర్చుని మేనేజర్‌కి గుడ్ మార్నింగ్ చెప్పాను. గ్యాప్ ఎందుకొచ్చిందని ఆయన అడిగాడు. అంతకు ముందు ఆ ప్రశ్న తలచుకుంటేనే చెమటలు పట్టేవి. ఆ రోజు మాత్రం తడుముకోకుండా చెప్పేశాను. బావగారినే కాదన్నాక మేనేజర్ ఒక లెక్కా?

ఉద్యోగం వచ్చింది. ఇప్పటికీ అందులోనే ఉన్నాను. ఇంట్లో మాత్రం ఆ విషయం ఎవరూ చెప్పుకోలేదు, చెప్పుకున్నదంతా గది సంగతే. అత్తగారు ఇండియా నుంచి ఫోన్ చేసి, "పెద్దవాణ్ణి పదిమందిలో బయటికి గెంటించావటగా" అన్నారు. బావగారు చాలాకాలం నాతో నేరుగా మాట్లాడలేదు. భోజనాలకు వచ్చినప్పుడు కుర్చీ లాక్కుంటూ మావారితో, "ఒరే, ఈ కుర్చీ మీ ఆవిడ బుక్ చేసుకోలేదు కదా?" అనేవారు. అందరూ పగలబడి నవ్వేవారు, మావారితో సహా. నేను పప్పు వడ్డించేదాన్ని. తప్పు చేశానని మాత్రం ఒక్క రోజూ అనుకోలేదు.

మొన్న శనివారం సదస్సుకి మా అమ్మాయిని తీసుకుని వెళ్ళాను. ఆ రోజు పాకే పిల్ల, ఇప్పుడు మిడిల్ స్కూల్లో ఉంది. అదే లైబ్రరీ, మీటింగ్ హాల్లో కొత్తగా వచ్చిన స్టూడెంట్లు, కన్సల్టెంట్లు, వాళ్ళ భార్యలు నిండుగా కూర్చున్నారు. బావగారు తెల్లబడిన జుట్టుతో హుందాగా ఉన్నారు. గట్టిగా మాట్లాడకూడదన్నారు, కుర్చీల మీద కోట్లు వేయకూడదన్నారు, తినుబండారాలు అసలే తేకూడదని వేలు ఊపి మరీ హెచ్చరించారు. తర్వాత గొంతు బరువుగా చేసుకుని, "రూమ్ బుక్ చేసుకున్నవాళ్ళని రెస్పెక్ట్ చేయాలి. ఒకసారి మేం చాలా ఇంపార్టెంట్ మీటింగ్‌లో ఉన్నాం. మా తమ్ముడి భార్య ఇంటర్వ్యూ ఉందని వచ్చింది. నేను వెంటనే అందర్నీ లేపేసి, కూర్చో అమ్మా, నీ ఫ్యూచర్ ముఖ్యం అన్నాను. ఆ ఉద్యోగం ఆమెకి వచ్చింది. ఇదిగో, ఇక్కడే కూర్చుంది!" అని నా వైపు చెయ్యి చూపించారు. హాలంతా చప్పట్లు.

మా అమ్మాయి నా చెవిలో, "అమ్మా, దట్స్ యూ? పెదనాన్న చాలా నైస్ కదా!" అంది. ఆయన మాటల్లో కపటం కూడా లేదు, అదే నన్ను మరీ మండించింది. తాను అలాగే చేశానని ఆయన మనస్ఫూర్తిగా నమ్ముతున్నారు. ప్రశ్నలేమైనా ఉన్నాయా అని అడిగినప్పుడు చెయ్యి ఎత్తాను.

"బావగారూ, ఆ రోజు మీటింగ్‌లో పులిహోర ఎవరు చేశారండీ?"

"మీ అక్కయ్యే కదమ్మా! పెద్ద డబ్బా నిండా తెచ్చాం. ఏం పులిహోరమ్మా అది, ఇప్పటికీ నోరూరుతుంది" అన్నారు ఆనందంగా.

ముందు వరసలో ఒక కుర్రాడు, "అంకుల్, ఫుడ్ అలవ్ చేయరన్నారు కదా?" అన్నాడు. హాలంతా గొల్లుమంది. బావగారు కూడా అందరితో కలిసి నవ్వేసి, "అందుకే చెబుతున్నా బాబూ, అలాంటి మిస్టేక్స్ మీరు చేయకండి" అని తర్వాతి స్లైడుకి వెళ్ళిపోయారు. మళ్ళీ చప్పట్లు. మా అమ్మాయి మాత్రం చప్పట్లు కొట్టలేదు, నా ముఖంలోకే చూస్తోంది. ఇంటికెళ్ళాక అంతా చెబుతానన్నాను.

బయటికి వచ్చేటప్పుడు తలుపు దగ్గర ఒక తెల్ల పెద్దావిడకి బావగారు తలుపు పట్టుకుని, వంగి, హ్యావ్ ఎ వండర్‌ఫుల్ డే చెప్పారు. ఆవిడ దాటగానే వదిలేశారు. తలుపు మామూలుగానే నా ముఖం మీదికి వచ్చింది, మా అమ్మాయి చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. కాలం ఎంతటివాళ్ళనైనా మారుస్తుందంటారు. మా బావగారి దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆయన్ని మార్చడం కంటే జరిగిన సంగతిని మార్చేయడమే తేలికని కాలానికీ తోచినట్టుంది.