దగ్గు మందు మామయ్య

దగ్గు మందు తాగితే నిద్ర ముంచుకొస్తుందా అని అడగందే మా మామయ్య ఎవర్నీ వదిలేవాడు కాదు.

కుళాయిలు బాగుచేసే పని కాబట్టి అందరి ఇళ్లలోకీ వెళ్లేవాడు. సింకు కింద తల పెట్టి, పైపు తిప్పుతూ ఇల్లాలిని ఆరా తీసేవాడు. ఒకసారి పరామర్శకు వెళ్లి, పోయినాయన ఎలా పోయాడన్నది వదిలేసి, బతికుండగా ఆయనకు దగ్గు మందు పడేదా అని అడిగాడు. మామయ్య కనబడితే చుట్టాలు దగ్గు ఆపుకునేవాళ్లు.

"మందుల కంపెనీ వాళ్లు నీకు జీతమేమైనా ఇస్తున్నారా?" అన్నాడు మా నాన్న, విసుగొచ్చి.

"ఇస్తే బాగుండు బావా. ఇంతకీ మీ నాన్నగారికి ఎలా ఉండేది?"

ఇదంతా మా అమ్మ కోసం. అమ్మకు స్కిజోఫ్రెనియా. మందు లేకపోతే ఎవరికీ వినబడని గొంతులతో వీధిలో నిలబడి వాదించేది. మందు వేస్తే ఆ గొంతులతోపాటు అమ్మ గొంతూ ఆగిపోయేది. చేతులు బిగుసుకుపోయి, కిటికీ పక్క కుర్చీలో బొమ్మలా కూర్చునేది. అదే జబ్బున్న మా వీధి దర్జీ అదే మాత్రతో మళ్లీ కొట్టు తెరిచాడు. నేను అమ్మకు తల దువ్వుతూ కావాలనే చిక్కు గట్టిగా లాగేదాన్ని, కనీసం "అబ్బా" అంటుందేమోనని. అనేది కాదు.

కొందరి ఒంట్లో పుట్టుకతోనే మందు నెమ్మదిగా కరుగుతుందనీ, అలాంటివాళ్లకు మామూలు మోతాదే ఎక్కువైపోతుందనీ డాక్టరమ్మ మామయ్యకు చెప్పింది. దగ్గు మందులాంటి మామూలు మందులు కూడా పడనివాళ్లు రక్తసంబంధీకుల్లో ఉన్నారేమో కనుక్కోమంది. మామయ్య ఊరంతా కనుక్కున్నాడు. చివరికి తేలిందేమిటంటే, అమ్మకీ మామయ్యకీ సొంత పిన్నే ఒక్క చెంచా దగ్గు మందుకు మర్నాడు సాయంత్రందాకా లేవలేదట.

డాక్టరమ్మ నవ్వి, దీన్నిబట్టి ఏమీ తేల్చలేమంది. అమ్మ రక్తం తీసి జన్యు పరీక్షకు పంపింది. అనుమానం నిజమే. మోతాదు మెల్లగా తగ్గించింది.

గొంతులు పూర్తిగా పోలేదు. ఇప్పటికీ ఒక్కో సాయంత్రం అమ్మ పక్కకు తిరిగి ఏదో వింటుంది. కానీ కొన్ని నెలలకు, ఒకరోజు మామయ్య లోపలికి రాగానే తలెత్తి చూసింది.

"ఏరా, ఆ గుండీలేంటి పైకీ కిందకీ? ఇలాగే వీధులన్నీ తిరిగొచ్చావా?"

మామయ్య పానా పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. నేను దువ్వెన కింద పడేసుకున్నాను.

ఆ తర్వాత మామయ్య మా ఇంట్లోకి ఏనాడూ గుండీలు సరిగ్గా పెట్టుకుని రాలేదు. ఓసారి పైనుంచి చూశాను. మెట్ల దగ్గర ఆగి, సరిగ్గా ఉన్నవాటిని విప్పి, తప్పుగా పెట్టుకుంటున్నాడు.