నెమలి మావయ్య లేవబోయిన బంతి

మొన్న ఆదివారం మా అమ్మాయి చెవుల్లో ఏవో పెట్టుకుని, లాప్‌టాప్ ముందు కూర్చుని నాయకత్వ లక్షణాల మీద క్లాసు వింటోంది. ఆఫీసు వాళ్ళు వినమన్నారట, విన్నందుకు సర్టిఫికెట్టు కూడా ఇస్తారట. తెర మీద ఒకాయన చేతులు గాలిలో తిప్పుతూ, నలుగురినీ వెంట నడిపించడం ఎలాగో నవ్వు చెరగకుండా చెబుతున్నాడు. ఆయన్ని చూస్తుంటే నాకు నా పాత ఆదివారాలు గుర్తొచ్చాయి, ఎందుకంటే ఆ చదువు నేనూ చదివినవాణ్ణే.

అప్పట్లో నేను తిరువూరులో ఒక మోటార్ల కొట్లో గుమస్తాని. నాకున్న సిగ్గుని పంచిపెడితే కృష్ణా జిల్లా మొత్తానికీ సరిపోయి, పక్క జిల్లా వాళ్ళు సంచులు పట్టుకొచ్చినా లేదనకుండా పంపేవాళ్ళం. పోస్టాఫీసులో కార్డు కొనాలన్నా చెల్లెల్ని వెంటబెట్టుకు వెళ్ళేవాణ్ణి. కాలిపోయిన మోటారు భుజాన వేసుకుని రైతు లోపలికి వచ్చాడంటే నేను బీరువా వెనక్కి జారుకునేవాణ్ణి. నా ముఖం కన్నా నా వీపుని బాగా ఎరిగిన రైతులు ఎ.కొండూరు చుట్టుపక్కల ఇప్పటికీ ఉన్నారు. వీణ్ణి ఇలా వదిలేస్తే వీపుతోనే బతికేస్తాడని భయపడి మా నాన్న, విజయవాడలో ఎవరో నాయకత్వం నేర్పుతున్నారని విని, ఆదివారం ఆదివారం నన్ను అక్కడికి తోలాడు.

టైపు ఇన్‌స్టిట్యూట్ మేడ మీద రేకుల గది, అందులోనూ ఎండాకాలం. ఆ వేడికి నల్లబల్లకి కూడా చెమటలు పట్టేవి గానీ మా సారు మాత్రం టై వదులు చేసేవాడు కాదు, నాయకుడన్నవాడు వాతావరణానికి లొంగకూడదనేవాడు. బస్సులో రానూ పోనూ నిలబడి నిలబడి నేను రెండంగుళాలు పొడుగయ్యానని మా నాయనమ్మ చచ్చేదాకా నమ్మింది. నిటారుగా నిలబడు, ఎదుటివాడి కళ్ళల్లోకి చూసి మాట్లాడు, నాయకుడు పని చెయ్యడు చేయిస్తాడు, ఒక్కొక్కరికీ ఒక్కొక్క బాధ్యత ఇచ్చి ఒకరి పనిలో ఇంకొకరు వేలు పెట్టకుండా చూడు... ఇవన్నీ నేను ఎంత శ్రద్ధగా వల్లెవేశానంటే, నిద్రలో కూడా మంచం చేత పని చేయించేవాణ్ణట.

ఇంతలో మా అక్క పెళ్ళి కుదిరింది. చెప్పించిన చదువు దండగ కాకూడదని మా నాన్న వడ్డన పెత్తనం నా నెత్తిన పెట్టాడు. మన ఈడు వాళ్ళకి చెప్పక్కర్లేదు, ఆ రోజుల్లో పెళ్ళి తాళితో అయిపోయేది కాదు, మగపెళ్ళివారి మొదటి బంతి చల్లగా లేస్తేనే అయినట్టు. పైగా ఆ బంతికి పెద్ద ఎవరంటే పెళ్ళికొడుకు పెదనాన్న, నెమలి అనే ఊరివాడు కాబట్టి మాకందరికీ నెమలి మావయ్య. ఆయన అలకకి విస్సన్నపేట దాకా పేరుంది. పప్పులో ఉప్పు తగ్గిందని ఒక ఇంట్లో, పక్కవాడికి ముందు నెయ్యి వేశారని ఇంకో ఇంట్లో విస్తరి మడిచి లేచిన మనిషి. పెద్దవాడు లేస్తే బంతంతా లేవాలి, అది రివాజు. అలా సగంలో లేచిందంటే ఆ ఇంటి ఆడపిల్ల అత్తారింట్లో ఎంత కాలం దెప్పులు తినాలో ఆ దేవుడికే తెలియాలి. అందుకే మా అమ్మ పొద్దుటి నుంచీ నా వంక చూసినప్పుడల్లా దణ్ణం పెట్టుకుంటోంది.

అంతకు ముందు మా ఇళ్ళల్లో వడ్డనకి ఒక పద్ధతంటూ ఉండేది కాదు, ఖాళీగా ఉన్నవాడు చేతికందిన గిన్నె ఎత్తుకుని బంతిలోకి దూకేవాడు. నేను దాన్ని సంస్కరించాను. బూరెలు ఒకడికి, పులిహోర ఒకడికి, అన్నం మా చిన్నాన్న కొడుక్కి, నెయ్యి ఇంకొకడికి అప్పగించి, ఒకడి గిన్నె ఇంకొకడు ముట్టుకుంటే ఊరుకోనన్నాను. నేను చేతులు వెనక్కి కట్టుకుని పందిరి గుంజ పక్కన సేనాపతిలా నిలబడ్డాను.

బూరెలు వెళ్ళాయి, పులిహోర వెళ్ళింది. అన్నం రావాలి. మా చిన్నాన్న కొడుకు పొయ్యిల దగ్గరికి వెళితే గుండిగ ఇంకా వారుస్తున్నారు. పాత రోజులైతే ఆ కాస్త వ్యవధిలో ఎవడో ఒకడు పులిహోర బేసిను పట్టుకుని మారు, మారు అంటూ బంతి చుట్టూ తిరుగుతూనే ఉండేవాడు. నా పాలనలో పులిహోరవాడు తన బాధ్యత తీరిందని వెళ్ళి నీడన కూర్చున్నాడు, మిగతావాళ్ళు ఊరుకోనన్నాను కదా అని ఆ బేసిను వంక చూడను కూడా చూడలేదు. నెమలి మావయ్య విస్తరి ఖాళీ. ఆయన ఎడమచెయ్యి మెల్లగా విస్తరి అంచు మీదికి వచ్చింది. మా నాన్న పొయ్యిల వైపు పరుగెత్తడం నేను గుంజ దగ్గర నుంచి చూశాను.

"ఏవోయ్ అల్లుడూ, మీ తిరువూళ్ళో అన్నం వండే అలవాటు లేదా?" అన్నాడాయన.

అక్కడ బీరువా లేదు. ఉంటే ఈ కథ ఉండేది కాదు. ఏ దేవుడు నడిపించాడో గానీ వెళ్ళి ఆయన ఎదురుగా నిటారుగా నిలబడి, కళ్ళల్లోకి చూసి, నా జన్మలో మొదటిసారి గొంతెత్తాను.

"వండాం మావయ్యా. మీరు బూరెలు తినే వేగం చూసి భయపడి గుండిగలో దాక్కుంది. ఆ చెయ్యి అంచు మీంచి తీస్తే నచ్చజెప్పి తీసుకొస్తాం."

బంతిలో ఎవరో కిసుక్కుమన్నారు. మావయ్య చెయ్యి అక్కడే ఆగింది. "మీ అక్కకీ ఇదే నోరా? మావాడి గతేంట్రా?"

"దానిది ఇంకా పెద్దది. తాళి కట్టేశారుగా, ఇప్పుడు తిరిగి తీసుకోం."

ముందు మావయ్య నవ్వాడు, తర్వాత బంతి నవ్వింది, ఆ నవ్వుకి పందిరి ఆకులు రాలాయంటే మీరు నమ్మాలి. అలా మాటకి మాట నడుస్తుండగానే అన్నం పొగలు కక్కుతూ వచ్చింది, నేను నా శాసనాలన్నీ మర్చిపోయి నెయ్యి జారీ ఎత్తాను. మావయ్య రెండు సార్లు మారు వేయించుకున్నాడు. ఆ మర్నాటి నుంచి కొట్లో నేను బీరువా ముందుకొచ్చాను. కాలిన మోటారు తెచ్చి కేకలేసే రైతుకి ఎదురెళ్ళి, నవ్వించి, టీ తాగించి పంపేవాణ్ణి. ఆ చనువుతో మావయ్య కూడా, మా ఇంట ఏ శుభకార్యమైనా నేను వచ్చి నాలుగు మాటలనందే విస్తట్లో చెయ్యి పెట్టేవాడు కాదు.

పోయినేడు మా అక్క కొడుకు పెళ్ళి పెద్ద ఫంక్షన్ హాల్లో జరిగింది. బఫే. టోపీలు పెట్టుకున్న కేటరింగు కుర్రాళ్ళు ఒక్కొక్కడూ ఒక్కొక్క గిన్నె వెనక నిలబడ్డారు, ఒకడి గరిటె ఇంకొకడు ముట్టుకోడు, నేను ఆనాడు కోరుకున్న ఏర్పాటు అచ్చం అదే. నెమలి మావయ్య ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో ప్లేటు పట్టుకుని, ఎవరో తెలియని వాళ్ళ వెనక వరసలో నిలబడి, పెట్టింది పెట్టించుకుని, మూలనున్న కుర్చీలో కూర్చున్నాడు. రెండు ముద్దలు తిని లేచాడు. ఒకప్పుడు ఆయన లేస్తే పందిరంతా లేచేది. ఆ రోజు పక్క కుర్చీ వాడు ఫోన్లోంచి తల కూడా ఎత్తలేదు.

నేను జనాన్ని తప్పించుకుని వెళ్ళేసరికి చెయ్యి కడుక్కుంటున్నాడు.

"ఏం మావయ్యా, సగంలో లేచారు, అలిగారా?" అన్నాను.

"ఎవరి మీద అలగమంటావురా?" అన్నాడు చెయ్యి పంచెకి తుడుచుకుంటూ.

కర్ర అందించి, మెట్ల దాకా చెయ్యి పట్టుకుని నడిపించాను.