మా ఆవిడ జాడీ, మా బావమరిది స్కూటరు

కోతపండుగ నాడు మా చర్చి ఆవరణలో వేలంపాట జరుగుతుంది. ఎవరింట్లో పండినవి, వండినవి వాళ్లు తెచ్చి బల్లమీద పెడతారు. గుమ్మడికాయలు, అరటి గెలలు, కాళ్లు కట్టేసిన కోళ్లు, కేకులు, పచ్చళ్లు. ఆరాధన అయ్యాక ఒక సంఘపెద్ద వాటిని ఒక్కొక్కటే పైకెత్తి పాట మొదలుపెడతాడు. వచ్చిన డబ్బు సంఘానికి. మనం తెచ్చింది ఇంకొకరు పాడుకోవాలి, ఇంకొకరు తెచ్చింది మనం పాడుకోవాలి. ఈ నియమం ఎక్కడా రాసిపెట్టలేదు. రాయాల్సిన అవసరం వస్తుందని ఎవరూ అనుకోలేదు, మా ఆవిడ పాడేదాకా.

ఆ ఏడు మా ఇంటి నుంచి ఆవకాయ జాడీ వెళ్లింది. తన పాత నేతచీర అంచు చింపి మూతికి గుడ్డ కట్టింది కూడా ఆవిడే. పెద్దాయన జాడీ పైకెత్తగానే మా ఆవిడ చెయ్యి లేచింది. వెనకనుంచి ఒక రిటైరైన నర్సమ్మ పోటీకొచ్చింది. ఈవిడ తగ్గలేదు. నేను మోచేత్తో పొడిచాను.

“ఉండండి, మంచి జాడీలా ఉంది,” అంది.

మళ్లీ పొడిచాను. ఇంకో యాభై పెంచింది.

చివరికి పెద్దాయనే పాట ఆపి, “ఏందమ్మా ఇది? పొద్దున నీ చేతులతోటే తెచ్చి నాకిస్తివి గదా! నీ తొక్కు నువ్వే పాడుకుంటే మేమేం తినాలె?” అన్నాడు.

మా ఆవిడ జాడీకేసి తేరిపార చూసి, “అదేనా! ఆ గుడ్డ ఎక్కడో చూసినట్టుంటే మనసు లాగింది,” అంది. ఆవరణంతా నవ్విన నవ్వుకు బల్లకింద కోళ్లు రెక్కలు కొట్టుకున్నాయి. అందరికన్నా గట్టిగా నవ్వింది మా ఆవిడే.

ఉద్యోగంలో ఉన్నంతకాలం నేను స్టోర్సు చూసేవాణ్ణి. ఏ బోల్టు ఏ అరలో ఉందో కరెంటు పోయినప్పుడు కూడా చెప్పగలిగేవాణ్ణి. రిటైరయ్యాక ఆ విద్య ఇంటిమీద పడింది. రోజూ సాయంత్రం డైరీ రాస్తాను: ఎండ ఎలా కాసింది, ఏ కూర వండాం, ఎవరొచ్చారు. ఆ రోజు జాడీ సంగతి కూడా రాసి, నవ్వుకుని మూసేశాను. దాని గురించి ఆలోచించాల్సింది ఏమైనా ఉందని నాకు తోచలేదు.

ఎందుకంటే అప్పుడు నా ఆలోచనంతా ఇంకో విషయం మీద ఉంది. మా ఆవిడ కార్ఖానా అనే పేటలో ఒక బడిలో సైన్సు టీచరు. ఆవిడ క్లాసులో గంట కొట్టినా పిల్లలు లేవరని ప్రతీతి. ఆ బడి హెడ్‌మిస్ట్రెస్ రిటైరవుతుంటే ఆ పదవి మా ఆవిడకు ఇస్తామన్నారు. అంతకుముందు రెండుసార్లు ఇస్తామంటే వద్దంది. సర్వీసు కొద్దిగానే మిగిలింది కాబట్టి ఇక ఇదే ఆఖరు. క్రిస్మస్ సెలవులలోపు జవాబు చెప్పమన్నారు.

ఇష్టం లేక వద్దంటోందా అంటే, అదీ కాదు. అన్నం తింటూ, “నేనైతే అసెంబ్లీ ఎండలో పెట్టనండీ. వేపచెట్టు కిందికి మారుస్తా. నేనైతే ఆరో తరగతి పిల్లల సంచుల బరువు సగం తగ్గించేస్తా,” అనేది. కళ్లు మెరిసేవి.

“అయితే ఒప్పుకో.”

“నాకెందుకండీ ఆ తలనొప్పి,” అని, తినడం సగంలో ఉండగానే కంచం ఎత్తేసేది. వినయమనుకున్నాను. క్రైస్తవురాలికి తగిన గుణమే గానీ, మరీ ఇంత అక్కర్లేదనుకున్నాను.

సరిగ్గా అప్పుడే ఆదివారం పేపర్లో ఒక వ్యాసం వచ్చింది. శ్రద్ధ లోపం పిల్లలకే కాదు, పెద్దవాళ్లకూ ఉంటుందట. అందులో రకాలున్నాయట. ఒక చోట కుదురుగా కూర్చోలేనిది, అవతలివాడి మాట పూర్తికాకుండానే జవాబు చెప్పేది, తోచిందల్లా చేసేసేది ఒక రకం. పైకి నెమ్మదిగా ఉంటూనే మనసు ఎటో వెళ్లిపోయేది, వస్తువులూ పనులూ జారవిడిచేది ఇంకో రకం. రెండూ కలిసింది మూడోది. వర్గీకరణ కనబడితే నాకు ప్రాణం లేచొస్తుంది. వ్యాసాన్ని కత్తిరించి, అంచులు సమం చేసి, ఫైల్లో పెట్టాను. పెడుతుండగానే మొదటి రకం మనిషి కళ్లముందు నిలిచాడు: మా బావమరిది.

అతను మా ఆవిడకు తమ్ముడు. యాప్రాల్‌లో కాపురం. అక్వేరియం షాపు పెట్టాడు, మూశాడు. కంప్యూటర్లు బాగుచేశాడు, మానేశాడు. రేడియోలు విప్పడమంటే ప్రాణం, మళ్లీ బిగించడమంటే విసుగు. ఆ వారంలోనే నేరేడ్‌మెట్‌లో స్కూటరు స్టార్టులోనే ఉంచి కరివేపాకు కోసం దిగాడు. కొట్లో ఎవరితోనో మాటల్లో పడి, ఆ మనిషి ఆటోలోనే మా ఇంటికి వచ్చేశాడు. ఎలా వచ్చావోయ్ అని నేనడిగితే అప్పుడు గుర్తొచ్చింది. వెళ్లి చూస్తే పెట్రోలు అయిపోయి స్కూటరు దానంతటదే ఆగి ఉంది. పుణ్యాత్ములు ఎవరూ ముట్టుకోలేదు.

వ్యాసం చదివి వినిపించాను. సగంలోనే, “అయితే మందుందా బావగారూ? ఉంటే రేపే వెళ్దాం పదండి,” అన్నాడు. మొదటి రకం లక్షణం అప్పటికప్పుడే రుజువైంది. నాకు చెప్పలేనంత తృప్తి కలిగింది.

కార్ఖానాలో మందుల షాపు మీద ఒక మానసిక వైద్యురాలి క్లినిక్ ఉంది. చిన్నప్పటి సంగతులు చెప్పగలవాళ్లు కావాలన్నారని మా ఆవిడను కూడా తీసుకెళ్లాం. డాక్టరమ్మ వయసులో చిన్నది, హైదరాబాదులోనే పుట్టి పెరిగిందట. గదిలో ఒక మూల చేపలతొట్టి ఉంది. బావమరిది కూర్చోకుండానే దాని దగ్గరికి వెళ్లాడు.

“ఫిల్టరు సరిగా లేదండీ. విప్పనా?”

“వద్దు సార్, జెర కూర్చోండి,” అందామె నవ్వుతూ. “ఎవరైనా మాట్లాడుతుంటే మధ్యలో...”

“దూరతానండీ.”

“క్యూలో నిలబడాలంటే...”

“నిలబడను. కరెంటు బిల్లు బావగారే కడతారు.”

“మీరు ప్రశ్న సుత పూర్తి చెయ్యనిస్తలేరు సార్!”

“అదే కదండీ నా జబ్బు!”

డాక్టరమ్మ మా ఆవిడవైపు తిరిగింది. “చిన్నప్పుడు సుత ఇట్లనేనా ఆంటీ?”

మా ఆవిడ చేపలను చూస్తోంది. “నిన్నే,” అన్నాను. ఉలిక్కిపడి, “నల్లచేప ఒక్కటే ఎప్పుడూ ఎడమకే తిరుగుతోందండీ, గమనించారా?” అంది. తర్వాత ప్రశ్న మళ్లీ అడిగించుకుని, వాడు బడిగోడ మీదనుంచి దూకిన సంగతులు చెప్పింది.

“పుస్తకం చదివేటప్పుడు ఒకటే పేరా మళ్లమళ్ల చదవాల్సి వస్తదా?”

“నేను పుస్తకం ముట్టనండీ,” అన్నాడు బావమరిది.

“నాలుగుసార్లు చదివితే గానీ బుర్రకెక్కదండీ,” అంది మా ఆవిడ. “సైన్సు పుస్తకమైతే ఒక్కసారి చాలు. సర్క్యులర్లయితే ఎన్నిసార్లు చదివినా అంతే.”

“వస్తువులు పోగొడ్తరా?”

“పోగొట్టనండీ. పెట్టిన చోటు పోతుంది,” అంది మళ్లీ మా ఆవిడే.

“అక్కా, డాక్టరు అడుగుతోంది నన్ను!” అన్నాడు బావమరిది.

“ఆగండి సార్,” అని డాక్టరమ్మ కుర్చీ మొత్తం మా ఆవిడ వైపు తిప్పింది. “ఆంటీ, మీరు మీ గురించి చెప్తున్నరు కదా? చిన్నప్పటి నుంచీ ఇంతేనా?”

“చిన్నప్పుడు మా నాన్న పరధ్యానం పిల్ల అనేవారు. అల్లరి చేసేదాన్ని కాదు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. తిట్లన్నీ వీడికే.”

“మరి ఇన్నేళ్లు ఉద్యోగం ఎట్ల నడిచింది?”

మా ఆవిడ బొటనవేలితో నన్ను చూపించింది. “ఈయన ఉన్నారుగా. పొద్దున బ్యాగు ఈయనే సర్దుతారు. మార్కులు ఎప్పటిలోపు ఇవ్వాలో ఈయన గుర్తుచేస్తారు. తాళాలు, కళ్లజోడు, బిల్లులు, అన్నీ ఈయనే.” మళ్లీ చేపలకేసి చూసింది. “హెడ్‌మిస్ట్రెస్ గదిలో ఈయన ఉండరు కదండీ. ఆ బల్లమీద కాగితాల గుట్టలో ఏది ముందు తీయాలో నాకు తెలీదు. పిల్లల్ని నేను చూసుకోగలను. ఆ గుట్టతో బడి పరువు తీస్తానేమోనని భయం.”

అప్పటిదాకా ఆగకుండా ఊగుతున్న మా బావమరిది కాలు కూడా ఆగింది. ఇన్నేళ్లూ వినయమనుకున్నది ఇదన్నమాట. నా దగ్గరున్న వ్యాసంలో రెండో రకం గురించి నిండుగా ఒక పేరా ఉంది. నేను దాన్ని సమంగా కత్తిరించి దాచాను కూడా.

డాక్టరమ్మ తొందరపడి పేరు పెట్టలేదు. మతిమరుపున్న ప్రతివాళ్లకూ ఇది ఉన్నట్టు కాదంది. చిన్నప్పటినుంచీ ఉండాలి, ఇంట్లోనూ పనిలోనూ అడ్డుపడుతుండాలి. నిద్ర, థైరాయిడ్, దిగులు లాంటివి కారణం కావని తేల్చుకోవాలి. రక్తపరీక్షలు రాసి, ఇద్దర్నీ మళ్లీ మళ్లీ రమ్మంది. కొన్ని వారాలకు తేల్చింది: తమ్ముడిది రెండూ కలిసిన రకం, అక్కది నెమ్మదిగా కనబడే రకం. నా నిర్ధారణ కాస్త తప్పింది. ఇద్దరికీ మందుల సంగతీ, అలవాట్ల సంగతీ విడివిడిగా చెప్పింది.

లేవబోతూ నేను కూడా అడిగాను. “నా సంగతేమిటమ్మా?”

“మీకు శ్రద్ధ తక్కువ లేదంకుల్. మస్తు ఎక్కువుంది. ఇంట్లోవాళ్లని జెర ఊపిరి తీసుకోనివ్వండి.”

బావమరిది మెట్లు దిగినంతసేపూ ఆ మాట తలుచుకుని నవ్వాడు.

సలహా సలహాగానే ఉంచి, ఇంటికి రాగానే నేను పని మొదలుపెట్టాను. ఇంటి నిండా చీటీలు అంటించాను. తలుపు మీద ‘తాళాలు, కళ్లజోడు, టిఫిను’. బల్లమీద ‘ముందు సర్క్యులర్లు’. రెండో రోజుకల్లా మా ఆవిడ ‘తాళాలు’ అన్న చీటీ ఉన్న తలుపే తీసుకుని, తాళాలు లేకుండా వెళ్లిపోయింది.

“అంత పెద్దగా రాస్తే కూడా కనబడలేదా?”

“మొదటిరోజు కనబడిందండీ. తర్వాత గోడరంగులో కలిసిపోయింది.”

పనికొచ్చిన ఉపాయం మా బావమరిదికి తట్టింది, అదీ అనుకోకుండా. పాత రేడియో ఒకటి పట్టుకొచ్చి మా భోజనాల బల్లమీద విప్పుకు కూర్చున్నాడు. ఎదురుగా అక్క జవాబుపత్రాలు ముందేసుకుంది. ఇద్దరి మధ్యా మాటల్లేవు. అతని స్క్రూడ్రైవరు కిర్రు కిర్రుమంటుంటే ఈవిడ పెన్ను టిక్కు టిక్కుమంది. వంటింట్లో పప్పు ఉడికేసరికి పత్రాల కట్ట పూర్తయింది. రేడియో కూడా మోగింది. ఆ చేతిలో పూర్తయిన మొదటి రేడియో అదే. దాన్ని ఆపమంటే ఆపలేదు, వీధిలోవాళ్లకు కూడా వినిపించి వచ్చాడు.

“పక్కన ఎవరో తమ పని చేసుకుంటూ ఉంటే నా మనసు ఎక్కడికీ పోదండీ,” అంది మా ఆవిడ. డాక్టరమ్మ కూడా అవునంది, చాలామందికి అలాగే ఉంటుందట.

మర్నాడు ఆ పక్కన ఎవరో నేనే అవుదామని డైరీతో కూర్చున్నాను. కాసేపటికి మా ఆవిడ పెన్ను దించింది. “ఏమండీ, మీరు పక్కన కూర్చోలేదు, కాపలా కూర్చున్నారు. నాకు పరీక్షహాల్లో ఉన్నట్టుంది.”

“నేను రాసుకుంటున్నానుగా!”

“ఒక వాక్యం రాసి నాకేసి మూడుసార్లు చూస్తున్నారు.”

“బావగారూ, వంటింట్లోకి వెళ్లి చిక్కుళ్లకు ఈనెలు తీయండి. మీకూ ఊపిరాడుతుంది,” అన్నాడు బావమరిది. స్కూటరు వదిలేసినవాడు నాకు చెబుతున్నాడు. వెళ్లి తీశాను. చిక్కుళ్లు చూపులు పట్టించుకోవు కాబట్టి అక్కడ ఎవరికీ ఇబ్బంది రాలేదు.

జవాబు చెప్పాల్సిన రోజు వచ్చింది. మా ఆవిడ బడి కరస్పాండెంటుగారి దగ్గరికి ఒక్కతే వెళ్లింది. బయటే ఉంటాను, రానా అన్నాను. వద్దంది. సాయంత్రం తిరిగొచ్చి చెప్పులు విప్పుతూనే, “ఒప్పుకున్నానండీ,” అంది.

“ఏం చెప్పావు?”

“ఉన్నది ఉన్నట్టు చెప్పాను. నాకు ఫలానా ఇబ్బంది ఉంది, వైద్యం చేయించుకుంటున్నాను. పిల్లల పని నాకు వదిలేయండి. కాగితాల పని మాత్రం గదిలో ఒంటరిగా చేయను, వరండాలో క్లర్కు బల్ల పక్కన నా బల్ల వేయించండి అన్నాను.”

“ఆయనేమన్నాడు?”

“సరే, వేయిద్దామన్నారు. తర్వాత ఆ డాక్టరు ఎక్కడుంటుందమ్మా అన్నారు.”

“ఎవరికోసమట?”

“అడుగుదామనుకుని మరిచిపోయా.”

కొత్త పదవిలో మొదటిరోజు పొద్దున నేను అలవాటుకొద్దీ బ్యాగు సర్దాను. మా ఆవిడ అందులోవన్నీ మంచంమీద బోర్లించి, తనే మళ్లీ సర్దుకుంది. గేటు దాకా వెళ్లి, మందు వేసుకున్నానా అని తనను తానే ప్రశ్నించుకుని, వేసుకున్నాననుకుని వెళ్లింది. లోపలికొచ్చి చూస్తే కుర్చీలో టిఫిన్ డబ్బా ఉంది. చెప్పులు వేసుకుని బయల్దేరబోయాను. అప్పుడే రేడియో సామానుతో వచ్చిన బావమరిది గుమ్మంలో అడ్డు నిలిచాడు.

“ఉంచండి బావగారూ. ఆకలేస్తే అదే గుర్తొస్తుంది.”

కూర్చున్నాను. ఆ పూట చిక్కుళ్లు కూడా లేవు.

సాయంత్రం మా ఆవిడ వచ్చింది. మొహం ఎండకు కందింది, గొంతు బొంగురుపోయింది. మధ్యాహ్నం టీచర్లందరూ తలా ఒక ముద్ద పెట్టారట. అసెంబ్లీ వేపచెట్టు కిందికి మారిందట. చెబుతుండగానే గేటు దగ్గర సైకిలు బెల్లు మోగింది. బడి వాచ్‌మన్ చెమటలు కక్కుతూ దిగాడు.

“మేడమ్, తాళాలు! మొత్తం గుత్తి మీతోనే వచ్చింది. గేటు ఎట్ల వెయ్యాలె నేను?”

మా ఆవిడ బ్యాగులో చెయ్యి పెట్టి బడి తాళాల గుత్తి మొత్తం తీసింది. నా చెయ్యి దానంతటదే చాచుకుంది. బడి తాళాలు తగిలించడానికని గోడకు మేకు కూడా కొట్టి ఉంచాను. ఆవిడ నా చేతికి ఇవ్వలేదు. గేటు దాకా నడిచి వెళ్లి వాచ్‌మన్‌కు ఇస్తూ, ఇంటి ముందు వెళ్లేవాళ్లందరికీ వినబడేంత గట్టిగా చెప్పింది.

“రేపటినుంచి సాయంత్రం నేను బడి దాటేలోపు నువ్వే అడిగి తీసుకో నాయనా. నేను మరిచిపోతాను.”

“సరే మేడమ్,” అని అతను సైకిలెక్కాడు.