సీసాలో మిగిలిన మందు

మా వారు కంచంలో ఆవకాయ ముద్ద వదిలేసి లేచిన రోజున నాకు మొదటిసారి భయం వేసింది. పెళ్ళయిన పదహారేళ్ళలో ఆయన అన్నం వదిలిన రోజులున్నాయి గానీ ఆవకాయ వదిలిన రోజు లేదు. "నోరు బాగాలేదు సుజాతా" అని వెళ్ళి పడుకున్నారు. వీపు నొప్పి అప్పటికే నెల రోజులుగా ఉంది. రోజంతా బోర్డు దగ్గర నిలబడే ఉద్యోగం, నొప్పి రాక ఏమవుతుంది అనుకున్నాం.

ఆయన కెమిస్ట్రీ మాస్టారు, నేను లెక్కల టీచర్ని. ఈ దేశంలో నల్లవాళ్ళకు ఓటు హక్కొచ్చి కొత్త ప్రభుత్వం ఏర్పడిన మరుసటి ఏడాది ఇద్దరం కాకినాడ నుంచి వచ్చి, డర్బన్‌కి ఉత్తరాన చెరకు తోటల మధ్య ఉన్న షాకాస్‌క్రాల్‌లో ఉద్యోగాల్లో చేరాం. పిల్లలు లేరు. పక్కింటి నాగమ్మ పెద్దమ్మే మాకిక్కడ చుట్టం. ఆవిడ తాతలు ఎప్పుడో విశాఖ వైపు నుంచి చెరకు పనికి ఓడలో వచ్చినవాళ్ళు. ఆవిడ మాటలో సగమే తెలుగు, మిగతా సగం ఇంగ్లీషూ జులూ.

మా వారి కళ్ళు పచ్చబడ్డాయని ముందు కనిపెట్టింది ఆవిడే. "హైబో! ఐస్ చూడమ్మా, ఫుల్ ఎల్లో. కామెర్లు ఇది. నేను ఆకు తెస్తా, ఫిక్స్ అయిపోతాది" అని నేల ఉసిరి రసం పది రోజులు తాగించింది. ఆ పది రోజులకు ఆవిడను తప్పుపట్టను. నేనూ నమ్మాను.

తగ్గకపోయేసరికి డర్బన్ తీసుకెళ్ళాను. అల్ట్రాసౌండ్, తరువాత సీటీ స్కాన్. పాంక్రియాస్ హెడ్‌లో ట్యూమర్, కాన్సర్ అన్నారు. గొంతులోంచి ట్యూబు దించి, ఈఆర్‌సీపీ అంటారు, పైత్యం దారి మూసుకోకుండా స్టెంట్ గొట్టం వేస్తే కళ్ళలో పసుపు దిగింది. మేం సంబరపడ్డాం, సర్జన్ పడలేదు. "మిస్టర్ మూర్తి, ఇట్ ఈజ్ ఇనాపరబుల్. మంత్స్, నాట్ ఇయర్స్" అన్నాడు. మా వారు ఆయనకు థాంక్యూ చెప్పారు. "చావు కబురు చెప్పినవాడికి థాంక్స్ ఏమిటండీ?" అని కారులో తగవు పెట్టుకున్నాను. కోపం ఇంకెవరి మీద చూపించాలో తెలియలేదు.

రెండు నెలలకు స్టెంట్ మూసుకుపోయి చలిజ్వరం వచ్చింది. మళ్ళీ ఆస్పత్రి, మళ్ళీ స్టెంట్. ఈసారి ఇంటికొచ్చేసరికి మనిషి సగమయ్యారు. నొప్పి పొట్టలో మొదలై వీపులోకి పొడిచేది. డాక్టరు మార్ఫిన్ సిరప్ రాసిచ్చి, "బై ద క్లాక్. నాలుగు గంటలకోసారి పది ఎం.ఎల్. నొప్పి వచ్చాక కాదు, రాకముందే" అని రెండుసార్లు చెప్పాడు.

మొదటి వారం చెప్పినట్టే ఇచ్చాను. ఆ వారం చివర ఒక సాయంత్రం నొప్పి మరీ ఎక్కువైతే ఆయన నా చెయ్యి పట్టుకుని, "ఆ సీసా మొత్తం ఒకేసారి పట్టించెయ్యి సుజాతా. నీకు పుణ్యముంటుంది" అన్నారు.

"ఏం మాటలండీ అవి! సంధ్యవేళ తథాస్తు దేవతలుంటారు" అని అరిచాను. ఆయన కంటపడకుండా సీసాను బియ్యం డబ్బాలో దాచాను.

అక్కడితో ఆగితే బాగుండేది. ఆయన ఆ మాట అడిగిన దగ్గర్నుంచి ఆ మందు నాకు మందులా కనబడలేదు. ప్రతిసారీ ఇదే ఆఖరిదవుతుందేమో, నా చేత్తోనే ఆయన పోతారేమో అని చెయ్యి వణికేది. పరాయి దేశం, పోలీసులు అడిగితే ఏం చెప్పాలన్న పిరికి ఆలోచన కూడా వచ్చింది, దాచను. పది ఎం.ఎల్.ను ఐదు చేశాను. ఆయనకు తెలియకూడదని మిగతా ఐదూ నీళ్ళు పోశాను. లెక్కల టీచర్ని కదా, మందు కొలిచే కప్పు మీది గీతకు సరిగ్గా సరిపోయేది.

నొప్పి పెరిగింది. పెరిగినకొద్దీ ఆయన సీసా అడిగారు. అడిగినకొద్దీ నేను ఇంకా తగ్గించాను. దాదాపు రెండు వారాలు మా ఇంట్లో జరిగింది ఇదే. నాగమ్మ పెద్దమ్మ చేమదుంపల పులుసు తెచ్చి, గదిలోంచి ఆయన మూలుగు విని గుమ్మంలోనే నిలబడిపోయింది. "దేవుడు తీసుకుపోవాల అమ్మా. మంచి మనిషి, ఎందుకు ఇలాగ సఫర్ అవాల?" అంది. నేను గిన్నె అందుకుని తలుపు వేసేశాను.

మంగళవారం, శుక్రవారం ఇంటికొచ్చి చూసే నర్సు సిస్టర్ తాందేకా. ఒక మంగళవారం సీసా ఏదని అడిగింది. డబ్బాలోంచి తీసిస్తే కిటికీ దగ్గర వెలుగులోకి ఎత్తి చూసింది. "మిసెస్ మూర్తి, ఇది పోయిన శుక్రవారానికే ఖాళీ అయిపోవాలి. సగం ఎందుకు మిగిలింది?" అని ఇంగ్లీషులో అడిగింది.

నిజం చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఆమె కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చుంది. "డాక్టరు రాసిన మోతాదు ఆయన్ని చంపదు. మీరు ఇవ్వకపోవడమే ఆయన్ని హింస పెడుతోంది" అంది. గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది.

ఆయన మంచం దగ్గరికి వెళ్ళి ఒప్పుకున్నాను. "తెలుసు" అన్నారు. "మార్ఫిన్ చేదు నాకు తెలియదా? కెమిస్ట్రీ మాస్టారికే నీళ్ళు కలిపి ఇస్తావటే?"

"మరి అప్పుడే ఎందుకు అడగలేదండీ?"

"నీ చెయ్యి వణుకుతోంది. అది చూశాక ఏమని అడగను?"

నా జన్మలో అంత ఏడుపు ఏడవలేదు.

మందు సరిగ్గా పడ్డాక మూడో రోజుకు లేచి వరండాలో కూర్చున్నారు. స్కూలు నుంచి పిల్లల టెస్టు పేపర్లు తెప్పించుకుని దిద్దారు. సీసా ఊసే ఎత్తలేదు. "అవన్నీ నొప్పి పలికించిన మాటలు పెద్దమ్మా, ఆయనవి కావు" అని గొప్పగా చెప్పాను. "యూ సీ! నేను చెప్పినా లేదా? మందు ఇవ్వాల, భయం పెట్టుకోకూడదు" అంది ఆవిడ. ఆవిడ ఎప్పుడూ ఆ మాట చెప్పలేదు గానీ వాదించే ఓపిక నాకు లేదు.

వారం తరువాత ఒక మధ్యాహ్నం వరండాలో ఆయన చేతిలో కొత్త రాజ్యాంగం చిన్న పుస్తకం ఉంది. ఆ రోజుల్లో వాటిని ఊరూరా పంచారు. "ఇందులో పౌరులనే అనలేదు సుజాతా, ప్రతి ఒక్కరికీ అన్నారు. అంటే మనకీ వర్తిస్తుంది. గౌరవానికీ హక్కుంది, ప్రాణానికీ హక్కుంది. రెండిటికీ తగువొస్తే ఏది ముందో మాత్రం నాకు దొరకలేదు" అన్నారు. పుస్తకం మూసి నా వైపు తిరిగారు. "ఇవాళ నొప్పి లేదు. బుర్ర శుభ్రంగా ఉంది. అందుకే ఇవాళ అడుగుతున్నాను. నిన్ను కాదు, నీ చేతికి అది అంటనివ్వను. కానీ నేను వెళ్ళిపోతానంటే డాక్టరు సాయం చేస్తే తప్పేమిటి?"

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇన్ని రోజులు చేసిందంతా బూడిదలో పోసిన పన్నీరైందనిపించింది. "ఈ ఇంట్లో ఆ మాట మళ్ళీ వినపడకూడదు" అని లేచి వంటింట్లోకి వెళ్ళి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగాను.

మళ్ళీ వినపడలేదు. ఇంకా పంతొమ్మిది రోజులున్నారు. మంచినీళ్ళడిగారు, కిటికీ తియ్యమన్నారు, తలగడ మార్చమన్నారు. అంతకు మించి నాతో ఏమీ మాట్లాడలేదు. ఇరవయ్యో రోజు ఉదయం సిస్టర్ నాడి పట్టుకుని ఉండగా, నొప్పి లేకుండా వెళ్ళిపోయారు.

ఇది జరిగి నాలుగేళ్ళయింది. ఇక్కడే పాఠాలు చెబుతున్నాను. నయంకాని రోగం వచ్చినవాళ్ళకు చావడానికి డాక్టరు సాయం అడిగే హక్కు ఉండాలా అని పేపర్లలో రాస్తుంటారు, మా స్టాఫ్ రూములో వాదించుకుంటారు. నన్నూ అడుగుతారు. నేను నీళ్ళు కలిపిన ఆ రెండు వారాల్లో అలాంటి చట్టం ఉండుంటే ఆయన తప్పకుండా సంతకం పెట్టేవారు. నేను పెంచిన నొప్పికి ఆయన ప్రాణం పోయేది. అది తలుచుకున్న రోజున వద్దంటాను. ఏ నొప్పీ లేకుండా వరండాలో కూర్చుని అడిగిన మనిషి గుర్తొచ్చిన రోజున మాత్రం వద్దనడానికి నా దగ్గర నా భయం తప్ప వేరే కారణం దొరకదు.

మార్ఫిన్ గడియారం చూసి ఇవ్వమని మీకు డాక్టర్లు ఎలాగూ చెబుతారు. నేను చెప్పేది ఇంకొకటి. మీ మనిషి "నన్ను పంపించెయ్యి" అన్నప్పుడు మీరు సరేననక్కర్లేదు. అక్కడి నుంచి లేవకండి, అంతే. ఎందుకని ఒక్కసారి అడగండి. అడిగినంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదని నాకెవరూ చెప్పలేదు. రాబోయే రోజులకు భయపడ్డారో, నా అవస్థ చూడలేకపోయారో, ఇక చాలనిపించిందో. ఆయన ఎందుకు వెళ్ళాలనుకున్నారో నాకు ఈరోజుకీ తెలియదు.